దీపాల వేళ రష్యన్ పాఠం

మంచు మీద జారే చెక్కలు ఎక్కడ దొరుకుతాయని రష్యన్‌లో అడగడం నాకు వచ్చు. మంచి నిద్రలో లేపి అడిగినా తడబడకుండా చెప్తాను. నేర్చుకున్నది నాచారంలో, నడి ఎండాకాలం, సీలింగ్ ఫ్యాన్ కింద చెమటలు కక్కుకుంటూ. ఆ చెక్కల్ని మాత్రం ఈ రోజు వరకు కంటితో చూడలేదు.

అప్పట్లో మేం ఉప్పల్‌లో ఒక గది, ఒక వంటిల్లు ఉన్న వాటాలో ఉండేవాళ్ళం. స్టేడియం గోడలు లేస్తున్న రోజులు. నేను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీకి పోయేవాణ్ణి. మాది ఆరబెట్టే సెక్షన్. తడి పొడిని వేడి గదిలో ఆరబెట్టి, జల్లించి, డ్రమ్ముల్లో నింపాలి. మూతికి గుడ్డ కట్టుకున్నా పొడి ఎట్లాగో లోపలికి దూరేది. ఇంటికొచ్చి ఎంత రుద్ది స్నానం చేసినా వాసన పోయేది కాదు. నా బిడ్డ అప్పుడప్పుడే నడక నేర్చింది. అందరి చంకా ఎక్కేది, నేను చేతులు చాస్తే మాత్రం ముక్కు చిట్లించి వాళ్ళమ్మ వెనక్కి పోయేది. నాకు చెప్పలేనంత కోపం వచ్చేది. ఎవరి మీద చూపించాలో తెలియక డ్యూటీ చెప్పుల్ని విసిరికొట్టేవాణ్ణి.

దగ్గు తగ్గకపోతే దవాఖానాకు పోయాను. డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, "జర పని మార్చుకో. ఇట్లనే పొడిల ఉంటె రెండు మూడేండ్లకు మెట్లెక్కుడు గూడ కష్టమైతది" అన్నాడు. చెప్పడం సులువే. పని మార్చాలంటే ఇంకో పని రావాలి కదా. నాకు వచ్చిన రెండో పని ఈత ఒక్కటే. మా ఊళ్ళో వ్యవసాయ బావిలో, నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టించుకొని నేర్చుకున్న ఈత. దాన్ని పని అంటారని కూడా నాకు తెలియదు.

ఎండాకాలం వస్తే మధ్యాహ్నం షిఫ్టుకు ముందు పొద్దున పూట నాచారంలోనే ఒక ప్రైవేటు స్విమ్మింగ్ పూల్‌కు పోయి పిల్లలకు ఈత నేర్పడంలో సాయం చేసేవాణ్ణి. నీళ్ళల్లో ఉన్నంతసేపూ దగ్గు వచ్చేది కాదు. ఒకరోజు ఆ పూల్ మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, గోవాల ఓ హోటలోళ్ళు ఈతగాళ్ళను తీసుకుంటున్నరు. గెస్టులు మునగకుంట సూసుకునే కొలువు. ఇంటర్వ్యూ మన పూల్‌లనే పెడ్తరంట. సలికాలమంత ఆడ రష్యా ఓళ్ళే ఉంటరు. జర రష్యా మాటలు నాలుగొస్తె నీకు పక్కా."

రష్యా మాటలు నాలుగు ఎక్కడ దొరుకుతాయి? ఉప్పల్ చౌరస్తాలో స్పోకెన్ ఇంగ్లీషు దొరుకుతుంది, టైపు దొరుకుతుంది, జాతకం దొరుకుతుంది. నేను బిక్కమొహం వేసుకొని నిలబడితే, నీళ్ళల్లో నుంచి ఒక గొంతు వినిపించింది. "రష్యనా? నేను నేర్పుతానోయ్."

ఆయన రిటైరైన ఇంజినీరు. కోస్తా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి నాచారంలోనే ఇల్లు కట్టుకొని స్థిరపడ్డాడు. మోకాళ్ళ నొప్పులకు నీళ్ళల్లో నడవమన్నారని రోజూ వచ్చి, తక్కువ లోతులో రెయిలింగు పట్టుకొని అటూ ఇటూ నడిచేవాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు సర్కారు ఆయన్ని ట్రైనింగు కోసం రష్యా పంపిందట, రెండేళ్ళు అక్కడ ఉన్నాడట. నా పాలిటికి దేవుడే పూల్‌లో దిగినట్టనిపించింది.

ఇంటికెళ్ళి చెప్తే నా భార్య నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది. "తెలుగే సక్కగ రాదు, రష్యా ఏంది? సరే గానీ, ఆ వాసన పోయే కొలువైతె ఏ భాషైనా నేర్సుకో పో" అంది. మర్నాడు మొదటి షిఫ్టుకు మార్పించుకొని, సాయంత్రాలు సార్ ఇంటికి పోవడం మొదలుపెట్టాను.

సార్ దగ్గర ఒక పాత పుస్తకం ఉంది. ఊళ్ళు చూడబోయే వాళ్ళ కోసం అచ్చేసిన ఇంగ్లీషు, రష్యన్ వాక్యాల పుస్తకం. అందులో 'ఆటలు, విశ్రాంతి' అనే పాఠం తీశాడు. మా ఇంట్లో విశ్రాంతి అంటే పడుకోవడం. ఈ పుస్తకంలో విశ్రాంతి అంటే గుట్టలెక్కడం, పడవ తోలడం, బంతి కొట్టడం, గుర్రమెక్కడం. ఇవన్నీ చేసిన తర్వాత మళ్ళీ విశ్రాంతి ఎప్పుడు తీసుకుంటారో నాకు అర్థం కాలేదు. సెలవు పెట్టడమంటే నాకు తెలిసింది పెళ్ళికి, చావుకి, వరినాట్లకి.

"గ్దె మోజ్న వ్జ్యాత్ లీజి" అన్నాడు సార్. "అంటే, జారుడు చెక్కలు ఎక్కడ దొరుకుతాయీ అని."

"చెక్కలెందుకు సార్?"

"కాళ్ళకి కట్టుకుని మంచు కొండ మీద నుంచి జారతారోయ్."

"కిందికి పనుంటదా?"

"పనేముంది, ఏమీ లేదు. కిందికి జారి, మళ్ళీ పైకి పోయి, మళ్ళీ జారతారు."

నేను సార్ ముఖం చూశాను. ఆయన నన్ను ఆటపట్టిస్తున్నట్టు లేదు. తర్వాత ఇంకో వాక్యం వచ్చింది, ఆవిరి గది ఎక్కడ అని. వేడి గదిలో కూర్చొని చెమట పట్టించుకొని, ఒక్కసారిగా బయటికి పరుగెత్తి గడ్డకట్టే నీళ్ళల్లో దూకి, అరుపులూ కేకలూ పెడతారని సార్ చెప్పాడు. సంతోషంతో అరుస్తారట.

"మా డ్రయర్ రూము లెక్కనే ఉందిగద సార్. మాకైతె కూసున్నందుకు జీతమిస్తరు. వాళ్ళు కూసునుడుకు కడ్తరా?"

"కడతారు" అన్నాడు సార్, కాస్త ఆలోచించి. ఆయనకూ అది వింతగానే తోచినట్టుంది. "మీరు జేసిన్రా సార్ గివన్నీ?" అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఎక్కడ నాయనా! ఆదివారం వస్తే బట్టలు ఉతుక్కోవడం, చారు పెట్టుకోవడం. తెలుగువాళ్ళం నలుగురం కలిస్తే పేకాట. నాకు లేత్ మెషీన్ రష్యన్ వచ్చు, క్యాంటీన్ రష్యన్ వచ్చు. ఈ సరదాల రష్యన్ నేనూ నీతోపాటే చదువుతున్నాను."

అట్లా సరదా ఎరగని ఇద్దరం కూర్చొని సరదా మాటలు బట్టీ పట్టాం. సార్ పడవల దుకాణంవాడు, నేను గిరాకీ. పడవ ఎక్కడ దొరుకుతుంది, పడవ కావాలి అని నేను అడగాలి, ఆయన తల ఊపాలి. టెన్నిస్ బ్యాటు కావాలి, గుర్రం కావాలి, ఎండలో పడుకునే కుర్చీ కావాలి. ఫ్యాక్టరీలో జల్లెడ పట్టుకొని పెదాలు కదుపుతుంటే పక్కవాళ్ళు, "ఏందిరో, మంత్రాలు సదువుతున్నవ్? సెక్షన్ ఇన్‌చార్జికి చేతబడి గిట్ల చేస్తున్నవా?" అని నవ్వేవాళ్ళు. గుర్రం అడుగుతున్నానని చెప్తే నమ్మేవాళ్ళు కాదు.

ఆటల పాఠం అయిపోయాక వచ్చే పేజీ ప్రమాదాలది. సార్ కళ్ళద్దాలు సర్దుకొని మొదటి వాక్యం తెలుగులో చెప్పాడో లేదో, "ఎవరో మునిగి..." అన్నాడో లేదో, దేవుడి మూల నుంచి అమ్మ గొంతు ఖంగుమంది. సార్ భార్యను నేను అమ్మా అనేవాణ్ణి. పలుచటి మనిషి, నేను ఇంట్లో అడుగుపెట్టగానే మజ్జిగ గ్లాసుతో ఎదురొచ్చేది.

"ఏవండీ! దీపం పెడుతుంటే అవేం మాటలు? తథాస్తు దేవతలు తిరిగే వేళ!"

"వాళ్ళకి రష్యన్ రాదులేవే" అన్నాడు సార్.

"దేవతలకి రాని భాషుంటుందా? ఈ ఇంట్లో ఆ మాట వద్దు. మూసేయండి."

నాకేమీ వింతనిపించలేదు. మా అమ్మ కూడా అంతే. పొద్దుగూకినాక చెడుమాట అంటే మూతి మీద ఒక్కటిచ్చేది. మా ఇళ్ళల్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గడప దాటేవాడు పోతానని అనడు, పోయొస్తానంటాడు. ఇన్ని జాగ్రత్తల మధ్య పెరిగినవాణ్ణి, ఒక పేజీ వదిలేస్తే ఏం పోతుందనుకున్నాను. సార్ ఆ పేజీ తిప్పేశాడు. అమ్మ శాంతించి, "నీళ్ళు బాగున్నాయి, ఎండ బాగుంది, అలాంటివి నేర్పండి పిల్లాడికి. నోట్లో మంచిమాట ఉండాలి" అంది. సార్ అట్లాగే నేర్పాడు. వదా హరోషయ. నీళ్ళు బాగున్నాయి. ఆ మాట నాకు అన్నిటికంటే బాగా పట్టుబడింది, నోట్లో తేలిగ్గా తిరిగేది.

ఇంటర్వ్యూ రోజు హోటల్ నుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన హిందీ మాట్లాడే మేనేజరు, ఇంకొకామె రష్యన్ మనిషి, సార్ చెప్పినట్టే తెల్లగా, పొడుగ్గా ఉంది. మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచారు. పూల్ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఈదమన్నారు. ఈదాను. మేనేజరు తల ఊపాడు. ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని నవ్వుతూ అడిగింది, పడవ ఎక్కడ దొరుకుతుందని.

ప్రతి మాటా నాకు తెలుసు. అదే నాకు చిక్కు తెచ్చింది. అది నేను అడగాల్సిన ప్రశ్న. సార్ ఇంట్లో ఎన్ని సాయంత్రాలు నేను అడిగానో ఆ ప్రశ్న! ఇప్పుడు ఆమె అడిగితే నేనేమనాలి? సార్ ఎప్పుడూ తల ఊపడమే తప్ప జవాబు చెప్పలేదు. పుస్తకం గెస్టుల కోసం రాసింది, నేను గెస్టును కాను అనే సంగతి అన్ని రోజులూ మా ఇద్దరికీ తట్టనే లేదు. ఏం చేయాలో తోచక, ఆమె అడిగిన ప్రశ్ననే ఇంకాస్త గట్టిగా ఆమెను అడిగాను. ఆమె పకపకా నవ్వింది. మేనేజరు కూడా నవ్వి, అడిగేది ఆమె, చెప్పేది నువ్వు అన్నాడు. నా చెవులు వేడెక్కాయి. కానీ ఆమెకు నేను నచ్చినట్టే ఉంది. లేచి, అట్లాగే పూల్‌లోకి దిగి లోతు వైపుకు ఈదుకుంటూ పోయింది. నన్ను గట్టు మీద నిలబడమన్నారు.

నడిమధ్యలోకి పోయి ఆమె ఒక్కసారిగా చేతులతో నీళ్ళను బాదడం మొదలుపెట్టింది. "పమగీతె! పమగీతె!" అని అరిచింది. మునిగింది, లేచింది, మళ్ళీ అరిచింది.

నేను చూస్తూ నిలబడ్డాను. ఆ మాట నేను ఎన్నడూ వినలేదు. నాలో ఏదో దూకమంటూనే ఉంది. కానీ ఇంతమంచి ఈతగత్తె ఎందుకు మునుగుతుంది? ఆవిరి గది నుంచి పరుగెత్తి నీళ్ళల్లో దూకి అరిచే జనం వీళ్ళు. కొండెక్కి ఊరికే జారే జనం. వీళ్ళ సరదా ఇట్లాగే ఉంటుందేమో, మధ్యలో దూకి చెయ్యి పట్టుకుంటే ఏమనుకుంటుందో. ఆమె మళ్ళీ నా వైపు చూసి అరిచింది. ఏదో ఒకటి అనాలి కదా. చెయ్యెత్తి, నవ్వు మొహం పెట్టి, "వదా హరోషయ!" అన్నాను.

మేనేజరు విజిల్ వేశాడు. ఆమె నీళ్ళల్లోంచి నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపంగా కూడా చూడలేదు. గెస్టు మునిగిపోతుంటే నీళ్ళు బాగున్నాయని చెప్పావు అని మేనేజరు హిందీలో విడమరచి చెప్పాడు. ఈత బాగుంది గనక వచ్చే నెల రెండోసారి వచ్చినప్పుడు కావాలంటే రమ్మన్నాడు.

ఇంటికొచ్చి చెప్తే ఈసారి నా భార్య నవ్వలేదు. "ఎవలన్న మొత్తుకుంటె ఉరకాలె గదా. దానికి భాషేంది?" అంది. బావిలో పడ్డ లేగదూడను ఎవరూ పిలవకుండానే దూకి తీసినవాణ్ణి నేను. మరి ఆ గట్టు మీద నిలబడి నవ్విందెవరు? ఎంత తలబద్దలు కొట్టుకున్నా తెలియలేదు. మర్నాడు ఫ్యాక్టరీలో డ్రమ్ములు నింపుతుంటే దగ్గు తెర వచ్చి కాసేపు కూర్చుండిపోయాను.

సార్ ఇంటికి పోవాలనిపించలేదు. పోకపోతే బాగుండదని సాయంత్రం పోయాను. అమ్మ లోపలుంది కదా అని గొంతు తగ్గించి సార్‌కు జరిగింది చెప్పాను. ఆ మాట ఏమిటి సార్ అని అడిగాను. సార్ పుస్తకం అందుకోబోయి ఆగిపోయి, "రక్షించండి అని" అన్నాడు. తల ఎత్తితే అమ్మ మజ్జిగ గ్లాసుతో గుమ్మంలో ఉంది. అంతా వింది.

గ్లాసు నా చేతికివ్వలేదు. బల్ల మీద పెట్టి, సార్ పక్కన కుర్చీలో కూర్చుంది. నేను ఆమె కూర్చోగా చూడటం అదే మొదటిసారి.

"మా తమ్ముడు కాలవలో పోయాడు నాయనా" అంది. "నాకు పదేళ్ళుంటాయి. ఇద్దరం స్నానానికి దిగాం. వాడు జారిపోతుంటే నేను గట్టు మీద నుంచి అరిచాను. రండి, రండి, రక్షించండి అని గొంతు పోయేలా అరిచాను. అవతల చేలో మనుషులున్నారు. నావైపు చూశారు కూడా. ఒకడు చెయ్యూపాడు. పిల్లలు ఆడుకుంటున్నారనుకున్నారుట. ఆ తరవాత ఆ మాట నా నోట్లోంచి ఎప్పుడూ రాలేదు. ఇంట్లో ఎవరి నోటా రానివ్వలేదు."

సార్ నేలవైపు చూస్తున్నాడు. ఆయనకు తెలుసేమో, తెలియదేమో, నాకు తెలియలేదు. చెయ్యూపిన ఆ చేలో మనిషిని, మొన్న పూల్ గట్టు మీద నిలబడ్డ నన్ను పక్కపక్కన పెట్టుకొని చూసుకున్నాను. ఏడుపొచ్చింది.

"ఆ పేజీ తీయండి" అంది అమ్మ. "మళ్ళీ ఎప్పుడు వస్తారన్నారు వాళ్ళు?"

"వొచ్చే నెల అన్నరమ్మా."

"నేనంటాను. నువ్వు పరిగెత్తుకు రా. పరిగెత్తడం అలవాటు కావాలి నీకు. భాషదేముంది."

అది పాఠమో, ఇంకేమిటో నాకు అర్థం కాలేదు, కానీ చేశాం. నేను వీధి గేటు దగ్గర అటు తిరిగి నిలబడాలి. అమ్మ పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గర. ఎప్పుడు పిలుస్తుందో చెప్పదు. మొదటిరోజు సార్ మూడుసార్లు చెప్పించినా ఆ 'పమగీతె' ఆమె పెదాల దగ్గరే ఆగిపోయింది. నాకు వినబడలేదు. "గట్టిగ అనాలమ్మా, నీళ్ళ మీదికెళ్ళి వినవడాలె" అన్నాను. ఆమె తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది. దీపం పెట్టాలంది.

ఆ తర్వాత ఒక సాయంత్రం గేటు పట్టుకొని రోడ్డు మీద పోయే కూరగాయల బండి చూస్తున్నాను. వెనక నుంచి కేక వచ్చింది. అమ్మ గొంతని పోల్చుకోలేదు. చిన్నపిల్ల గొంతులా ఉంది. ఆ ఒక్క మాటే, మళ్ళీ మళ్ళీ. నా కాళ్ళు నన్ను అడగలేదు. ఇంట్లోంచి కుర్చీని గుద్దుకొని, పెరట్లోకి పడ్డాను. అమ్మ తొట్టి అంచు పట్టుకొని కళ్ళు మూసుకొని ఇంకా అరుస్తూనే ఉంది. నేను భుజం పట్టుకున్నాక గానీ ఆగలేదు. అప్పటికే పక్కింటివాళ్ళు పిట్టగోడ ఎక్కి, ఏమైంది, పాము గిట్ల వచ్చిందా అని అడుగుతున్నారు. సార్ కంగారుగా, "ఏం లేదండీ, రష్యన్ నేర్చుకుంటున్నాం" అన్నాడు. వాళ్ళు మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసి దిగిపోయారు.

మరుసటి నెల అదే పూల్, అదే కుర్చీ, అదే మనిషి. పడవ ఎక్కడ దొరుకుతుందని అడిగింది. అదిగో అక్కడ అని రష్యన్‌లోనే చూపించాను. జవాబులు కూడా సార్ చెప్పించాడు ఈసారి. తర్వాత ఆమె నీళ్ళల్లోకి దిగింది. ఆమె నోరు తెరవడమే చూశాను. మాట పూర్తయిందో లేదో తెలియదు, నేను నీళ్ళల్లో ఉన్నాను. గట్టుకు చేర్చాక ఆమె దగ్గుతూ, నవ్వుతూ నా వీపు మీద తట్టింది. మేనేజరు కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు.

తడి బట్టల మీదే సార్ ఇంటికి పోయాను. సార్ లేడు, బజారుకు పోయాడు. అమ్మ అరుగు మీద కూర్చొని చిక్కుడుకాయలు వలుస్తోంది. నన్ను చూసి చేతిలో కాయ అట్లాగే పట్టుకుంది.

"అరిచిందా?" అంది.

"అరిసిందమ్మా."

"వెళ్ళావా?"

"పోయిన."

"వెంటనే?"

"ఎంబడే."

ఆమె చేతిలో కాయ వలిచి చేటలో వేసింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకొని, "పోన్లే. ఈసారి ఎవరో ఒకరు వెళ్ళారు" అంది.

ఉద్యోగం వచ్చిందని నేనింకా చెప్పనే లేదు.